పెరటి షెడ్డులో పాత కారు: చెక్కపనీ, ఇనుపపనీ కలిసిన కథ

ప్రత్యేక సంచికకి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు కబురు పెట్టినప్పుడు ముందు తప్పించుకుందామనుకున్నాను. ఫర్నేసు రోజుల గురించీ, క్వార్టర్ల రోజుల గురించీ నాకన్నా బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. కానీ ఈ సంక్రాంతికి వచ్చిన మనవడు పెరట్లో షెడ్డు తలుపు తీసి, లోపలున్న అంబాసిడరు కారునీ, పక్కనున్న వడ్రంగి బల్లనీ చూసి, "తాతా, ఇది కార్ల షెడ్డా, వడ్రంగి షెడ్డా?" అని అడిగాడు. రెండూ ఒకటేనని చెప్పాను. వాడు నమ్మలేదు. వాడికి చెప్పవలసిన జవాబే ఈ వ్యాసం.

గనుల ఊరు, ఉక్కు మాట

మన గరివిడి చుట్టుపక్కల నేలలో మాంగనీసు ఉందన్న సంగతి ప్రపంచానికి తెలిసి నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. భారతదేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1892లో మన ప్రాంతపు కోడూరు దగ్గరే మొదలయింది. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ దొర 1909లో ఈ దేశపు మాంగనీసు నిక్షేపాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇక్కడి ఒక రకం రాతికి కోడూరు పేరుమీదే 'కోడురైట్' అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. మన పల్లె పేరు ఇలా ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాలకెక్కింది.

ఈ ఖనిజానికి అంత గిరాకీ ఎందుకొచ్చిందో పాత ఉద్యోగులకి వేరే చెప్పనక్కరలేదు. పిల్లల కోసం ఒక్క ముక్క చెబుతాను. 1856లో ఇంగ్లండులో బెస్సెమర్ చౌకగా ఉక్కు తయారుచేసే పద్ధతి కనిపెట్టాడు. కానీ ఆ ఉక్కు వేడి మీద సాగగొడితే పగుళ్ళు తీసేది. మషెట్ అనే ఆయన మాంగనీసు కలిసిన ఇనుము వేసి చూస్తే ఆ జబ్బు కుదిరింది. ఉక్కులో మిగిలిపోయిన ఆమ్లజనినీ, గంధకాన్నీ మాంగనీసు పట్టేసుకుంటుంది. 1882లో హాడ్‌ఫీల్డ్ అనే ఆయన పన్నెండు, పదమూడు శాతం మాంగనీసు కలిపి, ఎంత దెబ్బ తింటే అంత గట్టిపడే ఉక్కు తయారుచేశాడు. కారు ఒంటికి వాడే పల్చటి రేకులో కూడా కొద్దిపాటి మాంగనీసు ఉండి తీరుతుంది.

1955లో ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అంటే మన నోట్లో ఫేకర్, ఏర్పడింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలయిందీ ఆ ఏడే. మన జీవితాలు ఆ కర్మాగారం సైరనుతో ముడిపడ్డాయి. ఏ కారుని చూసినా దాని రేకులో మన మట్టి ఎక్కడో కాస్త ఉండే ఉంటుందని అప్పట్లో నాకో పిచ్చి ఊహ ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎద్దుబండి నుంచి మోటారు దాకా

ఇక చెక్క సంగతి. ఈ రోజు కారంటే ఇనుము, ప్లాస్టిక్కు. మొదట్లో కారంటే చెక్క. గుర్రబ్బళ్ళు కట్టినవాళ్ళే మోటారు బళ్ళ ఒళ్ళు కూడా కట్టారు. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఆ మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ గుర్రబ్బళ్ళు కట్టడంలో పేరు పొందింది. ఆ కంపెనీలోనే శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఆయన 1903లో ఆవిరితో నడిచే కారు తయారుచేశాడు. మనదేశంలో తయారైన తొలి ఆవిరి కారు అదేనంటారు. బండి కట్టే చెయ్యే కారు కట్టిందన్నమాట.

అమెరికాలో 1908లో వచ్చిన ఫోర్డు 'మోడల్ టి' కారుకి చాలాకాలం చెక్క ఆకుల చక్రాలే ఉండేవి. దాని ఒంటి లోపలి చట్రం చెక్కే, కాళ్ళ కింది పలకలూ చెక్కే. డాడ్జి కంపెనీ 1914లోనే పూర్తి ఉక్కు ఒళ్ళు వాడింది గానీ, జనరల్ మోటార్సు వారి కార్లలో 1930ల నడుమ దాకా పైన రేకు, లోపల చెక్క చట్రం ఉండేవి. మన లారీల కేబిన్లూ, తొట్లూ వడ్రంగుల చేతిలో ఇంకా ఎన్నో ఏళ్ళు నడిచాయి. కొత్త లారీ కొన్నవాడికి కంపెనీ ఇచ్చేది ఇంజనూ, ఛాసిస్సూ మాత్రమే. మిగతాదంతా ఏ బెజవాడ ఆటోనగర్‌లోనో వడ్రంగులూ, టింకరు మేస్త్రీలూ కలిసి కట్టేవారు.

మన పల్లెల్లో ఎద్దుబండి చక్రం కట్టడం చూసినవాళ్ళు ఈ చదువరుల్లో చాలామందే ఉంటారు. ఆకులు చెక్కి, చుట్టూ చెక్క వలయం బిగించి, పైన ఇనుప పట్టా వేస్తారు. పట్టాని చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. పట్టా బిగుసుకుంటుంది, కీళ్ళన్నీ దగ్గరకొస్తాయి. వేడికి ఇనుము ఎంత సాగుతుందో, చెక్క ఎంత ఒత్తిడి ఓర్చుకుంటుందో ఆ వడ్రంగికీ, కమ్మరికీ ఏ పుస్తకమూ చెప్పలేదు. చెక్కా ఇనుమూ ఒకదాని మాట ఒకటి వినేలా చెయ్యడం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్న విద్యే. మనకి దగ్గరలో బొబ్బిలి ఉంది. అక్కడి గొల్లపల్లి వీణల వాళ్ళు పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. చెక్క పని మన ఉత్తరాంధ్రకి కొత్తేమీ కాదు.

పర్మిట్ల రోజులు, మరమ్మతుల రోజులు

స్వాతంత్ర్యం వచ్చిన తరవాత బయటి కార్ల దిగుమతి తగ్గిపోయింది. 1953లో టారిఫ్ కమిషను నివేదిక వచ్చింది. దేశంలోనే భాగాలు తయారుచేసే కంపెనీలకే చోటు అన్నారు. 1928 నుంచి బొంబాయిలో కార్లు కూర్చి అమ్ముతున్న జనరల్ మోటార్సు ఆ తరవాత సర్దుకుని వెళ్ళిపోయింది. మిగిలినవి ప్రధానంగా మూడు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్సు, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్సు, మద్రాసులో స్టాండర్డు.

హిందుస్థాన్ వారు మొదట హిందుస్థాన్ 10, హిందుస్థాన్ 14, ఆ తరవాత ల్యాండ్‌మాస్టర్, 1950ల ఆఖరులో అంబాసిడరు తెచ్చారు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి మూలం. మొదటి అంబాసిడర్లలో ఉన్న పాత పద్ధతి ఇంజను తీసేసి, 1959లో 1489 సీసీల ఇంజను పెట్టారు. 1962లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ వచ్చాయి. ముందు జాలీ మారింది, దీపాలు మారాయి, ఒళ్ళు మాత్రం దాదాపు అదే. ప్రీమియర్ వారి ఫియట్టు 1100కి 1974లో పద్మిని అని పేరొచ్చింది. ఏ బండి కావాలన్నా ముందు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా ఇదే వరస.

ఆ కరువు రోజుల్ని నేను పొగడడం లేదు. స్కూటరు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో మనకి తెలుసు. కానీ ఆ కరువు మనకి ఒక విద్య నేర్పింది. వస్తువు పాడైతే పారెయ్యడానికి వీల్లేదు, దొరకని భాగాన్ని చేసుకోవాలి. తెగిన స్ప్రింగు పట్టీతో ఉలి చేసేవారు. పాత ట్యూబుతో వాషరు కోసేవారు. గ్యాస్కెట్టు లేకపోతే అట్టముక్కకి లక్క రాసి బిగించేవారు. ఈ రోజు 'పాత కార్ల పునరుద్ధరణ' అని పెద్ద పేరు పెట్టి నగరాల్లో చేస్తున్నది మన మెకానిక్కులకి రోజువారీ బతుకు.

రాజుల కార్లూ, మన కార్లూ

పాత కార్లనగానే అందరికీ రాజులే గుర్తొస్తారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. నిజాం ఊరేగింపులకి వాడిన ఆ కారు ఒళ్ళు కట్టింది లండనులోని బార్కర్ కంపెనీ, అదీ గుర్రబ్బళ్ళు కట్టిన కంపెనీయే. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక వారి పాత కార్ల ర్యాలీ 1964 నుంచీ ఉంది. ఇవన్నీ చూడవలసినవే.

అదే హైదరాబాదులో రాజు కాని వ్యక్తి ఒకాయన ఉన్నారు. కె. సుధాకర్ గారు చిన్నప్పటి నుంచి పాత ఇనప సామాన్లతో బళ్ళు తయారుచేస్తూ, 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు కట్టి గిన్నిస్ పుస్తకానికెక్కారు. 2010లో తన చేతి కార్లతో ఒక మ్యూజియమే పెట్టారు. క్రికెట్ బ్యాటు ఆకారంలో కారు, చెప్పు ఆకారంలో కారు, ఇలాంటివి అక్కడ నడిచే బళ్ళుగా ఉన్నాయి. మన తెలుగువాళ్ళలో ఈ సరదా సంపన్నులకి మాత్రమే చెందినది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మా షెడ్డు

ఇక సొంత గోల. నేను ఫిట్టరుగా చేరి, ఫోర్‌మనుగా 2005లో రిటైరయ్యాను. మొదటి ఆరు నెలలూ పొద్దున్నే సైరను వేళకి లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక వీధరుగు మీద కూర్చునేవాణ్ణి. మా ఆవిడ, "మీరిలా గేటు కేసి చూస్తూ కూర్చుంటే నాకు భయంగా ఉందండీ, ఏదో ఒక పని పెట్టుకోండి" అంది.

ఆ మరుసటి ఏడాది విజయనగరంలో ఒక పాత ఇనప సామాన్ల కొట్టు వెనక, చింతచెట్టు కింద ఒక అంబాసిడరు కనిపించింది. 1965లో రిజిస్టరయిన మార్క్ టూ. అప్పట్లో మన చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది కదా, కాగితాలు ఆ జిల్లావే. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినా ఆ కారు మాత్రం పాత జిల్లా నెంబరుతోనే ఉండిపోయింది. ఎడమ ముందు మడ్‌గార్డు సగం తుప్పు తినేసింది. సీట్లలో ఎలకలు కాపురం పెట్టాయి. పద్దెనిమిది వేలకి బేరం కుదిరింది. లారీ మీద ఇంటికి తెస్తే వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కొట్టలేదు.

ఇనుపపని నాకొచ్చు. చెక్కపని రాదు. ఆ లోటు తీర్చినాయన మా వెనక వీధి వడ్రంగి మేస్త్రి. ఆయన ఒక ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళు ప్యాటర్ను వడ్రంగిగా చేసి వచ్చినవాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను ఆయన్ని మేస్త్రిగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు.

ప్యాటర్ను పని అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. పోత పోసే ప్రతి ఇనుప వస్తువుకీ ముందు చెక్కతో అచ్చు చేస్తారు. ఆ అచ్చుని ఇసకలో పెట్టి గుర్తు తీసి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారితే ముడుచుకుంటుంది. పోత ఇనుముకి ఇంచుమించు నూటికి ఒక వంతు, ఉక్కుకి రెండు వంతులు. కాబట్టి ప్యాటర్ను వడ్రంగి చేతిలోని కొలబద్ద మామూలు కొలబద్ద కాదు. ఆ ముడుపు ముందే కలిపి గీసిన పొడుగు కొలబద్ద. ఇసకలోంచి అచ్చు పగలకుండా పైకి రావాలి కాబట్టి అంచులకి కంటికి కనపడని వాలు పెట్టాలి. లోహం ఏం చెయ్యబోతుందో చెక్క దశలోనే ఊహించేవాడే ప్యాటర్ను వడ్రంగి.

చెక్క అచ్చు మీద మడ్‌గార్డు

పని మొదలుపెట్టాం. మొదట ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, చీటీ కట్టి, డబ్బాల్లో వేశాం. ఈ ఒక్క జాగ్రత్త మా ప్రాణం కాపాడింది. బిగుసుకుపోయిన బోల్టులకి కిరసనాయిలు పోసి రెండ్రోజులు వదిలేశాం. చిన్న చిన్న భాగాల తుప్పుకి మా ఆవిడ చింతపండు గుజ్జు సలహా ఇచ్చింది. ఇత్తడి చెంబులు తోమే చింతపండులోని పులుపే తుప్పునీ తింటుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున్న బ్రష్షుతో రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాస్తే సరి. తడి వదిలేస్తే సాయంత్రానికి మళ్ళీ తుప్పే.

చిక్కంతా ఎడమ మడ్‌గార్డు దగ్గర వచ్చింది. మంచిది దొరకలేదు. ఒక వర్క్‌షాపులో, "సీసం కరిగించి పుట్టీ దట్టంగా పెట్టేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నారు. నేనూ సరేననబోయాను. మేస్త్రి ఒప్పుకోలేదు.

"ఏటి బాబూ, ఇనప రేకుని ఉత్తినే సుత్తెట్టి కొడితే అది సెప్పిన మాట ఇంటాదా? ముందు దానికి సెక్కతో దారి సూపించాల" అన్నాడు.

కుడివైపు మడ్‌గార్డు బాగానే ఉంది. దాని వంపుని బెత్తెడుకి ఒకచోట అట్టముక్కల మీద గీసి కత్తిరించాడు. ఆ అట్టల్ని తిరగేస్తే ఎడమవైపు వంపు వస్తుంది. అట్టల ప్రకారం మామిడి పలకలు కోసి, ఒకదాని పక్కన ఒకటి బంకతో అతికి, బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, ఎడమ మడ్‌గార్డు ముందు భాగాన్ని చెక్కలో నిలబెట్టాడు. ఇరవై రెండు రోజుల పని. రేకు మందం ఎంతో అంత మేర చెక్కని లోపలికి తగ్గించాడు. రేకు దానిమీద పడ్డాక సరిగ్గా అసలు కొలతకి రావాలి కదా.

ఇక నా వంతు. రేకుని మెత్తబడేలా కాల్చి, ఇసక సంచీ మీద చెక్క సుత్తితో గుంటగా కొట్టి, ఆ తరవాత చెక్క అచ్చు మీద వేసి కొద్దికొద్దిగా అంచులు దింపాను. మొదటి రేకు చిరిగింది. రెండోది ముడతలు పడింది. మూడోది కూర్చుంది. మేస్త్రి అరచేత్తో ఆ వంపు మీద ఒకసారి నిమిరి, ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నాడు. అంతకు మించిన సర్టిఫికెట్టు నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

సీట్ల కింది చట్రాలూ, తలుపుల లోపలి పలకలూ, జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా కారు కింద వేసే దుంగలూ, అన్నీ ఆయన చేతివే. తలుపులు మాత్రం ఆయన ఒక్కడే బిగించేవాడు. కబ్జాల కింద పల్చటి చెక్క పేడు పెట్టి, తలుపు మూసి, చప్పుడు విని, పేడు మార్చేవాడు. చివరికి అంత మందం ఇనుప బిళ్ళ నా చేత కోయించేవాడు. నాలుగు తలుపులూ ఒకే చప్పుడుతో మూసుకునేవి. 2010 విజయదశమి నాడు కారుకి నిమ్మకాయలు తొక్కించి, చీపురుపల్లి దాకా వెళ్ళి వచ్చాం. ముందు సీటులో మేస్త్రి, వెనక ఆడవాళ్ళు.

నేను చేసిన తప్పులు

మేలు చెప్పినప్పుడు కీడూ చెప్పాలి. ఆ కారుకి మొదట ఉన్న ఎస్.యు. కార్బురేటరు మొరాయిస్తోందని, ఎవరో చెబితే విని, మారుతి వ్యానుది బిగించాను. పాతదాన్ని కిలోల లెక్కన ఇనప సామానువాడికి అమ్మేశాను. మేస్త్రి, "ఉంచవలసింది బాబూ" అన్నాడు. నేను వినలేదు. అయిదేళ్ళ తరవాత బుద్ధొచ్చి వెతికితే అది దొరకడం ఎంత కష్టమో తెలిసింది. మన రైలు మార్గానికి ఒక కొసన మద్రాసు పుదుపేట, రెండో కొసన కలకత్తా మల్లిక్ బజారు, రెండూ పాత కార్ల సామాన్లకి పేరుపడ్డ చోట్లు. రెండు ఊళ్ళూ తిరిగితే చివరికి కలకత్తాలో దొరికింది. నేను అమ్మిన ధరకి యాభై రెట్లు.

ఇంకో సంగతి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా ఆపేశారు. ఊపిరితిత్తులకీ, పిల్లల మెదడుకీ అది ఎంతో మేలు. కానీ పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటు అరగకుండా ఆ సీసమే కాపాడేది. కాబట్టి ఇంజను విప్పినప్పుడే గట్టి ఉక్కు సీట్లు వేయించుకోవాలి. ఈమధ్య పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతం దాకా కలుపుతున్నారు. పాతకాలపు రబ్బరు గొట్టాలూ, బెండు గ్యాస్కెట్లూ దానికి మెత్తబడి కారుతాయి. వాటిని మార్చకుండా బండి తియ్యకండి, నిప్పుతో చెలగాటం. పాత బ్రేకు లైనింగుల్లో రాతినార ఉంటుంది, ఆ దుమ్ముని నోటితో ఊదకండి. పాత రంగు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడి చేసి రుద్దండి. మన వయసులో ఊపిరితిత్తులు కొత్తవి దొరకవు.

చట్టం ఏమంటుంది

కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్ళు, ఆ తరవాత అయిదేసి ఏళ్ళకి పొడిగింపు. పాత కారుకి ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ దాకా 600 రూపాయలుండేది. అప్పటి నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. ప్రావిడెంటు ఫండు పింఛనులో కనీస మొత్తాన్ని 2014 సెప్టెంబరులో నెలకి 1,000 రూపాయలుగా నిర్ణయించిన సంగతి ఈ సంఘంలో అందరికీ తెలుసు. పది నెలల కనీస పింఛను ఒక కారు కాగితానికి సరి. పొగ కక్కే పాత బళ్ళు రోడ్డు మీద తగ్గాలన్న ఉద్దేశం మంచిదే, దాన్ని కాదనను. భారం మాత్రం భారమే.

అయితే 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన కార్లకీ, మోటారు సైకిళ్ళకీ వేరే దారి ఇచ్చింది. వాటిని చారిత్రక వాహనాలుగా గుర్తించి, నెంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలతో ప్రత్యేకంగా రిజిస్టరు చేస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000, పొడిగింపుకి 5,000. ఒళ్ళూ, ఛాసిస్సూ, ఇంజనూ పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలో ఉండాలి. రోజువారీ పనులకీ, బాడుగకీ తిప్పకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతుకీ, పెట్రోలు పోయించడానికీ తియ్యవచ్చు. ఇంట్లో తాతల నాటి బండి ఉన్నవాళ్ళు ఏ భాగాన్నీ మార్చేముందు, నాలా అమ్మేసుకునేముందు, ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అంబాసిడరు తయారీ 2014 మేలో ఉత్తర్‌పాడాలో ఆగిపోయింది. బొంబాయిలో పద్మిని ట్యాక్సీలకి 2023 అక్టోబరు ఆఖరున సెలవిచ్చారు. ఒకప్పుడు ప్రతి వీధిలో ఉన్న బండి ఇక పైన చరిత్రే. సామాన్యుడి వస్తువుని 'ఎక్కడపడితే అక్కడ ఉందిగా' అని ఎవరూ దాచరు. అందుకే అదే ముందు మాయమవుతుంది. రాజుగారి రోల్స్‌రాయిస్‌కి ఆ భయం లేదు.

మిగిలిన ప్రశ్న

మేస్త్రి 2021 వేసవిలో పోయాడు. అవి కరోనా రోజులు, సాగనంపడానికి కూడా నలుగురిమే వెళ్ళగలిగాం. ఆయన కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం. పనిముట్ల పెట్టె తెచ్చి, "బాబాయ్, ఇవి మీ దగ్గరుంటేనే నాన్నకి బాగుంటుంది" అని షెడ్డులో పెట్టి వెళ్ళాడు. బాడిస, నాలుగు ఉలులు, రెండు చిత్రికలు, మూలమట్టం, అరిగిపోయిన ఆ పొడుగు కొలబద్ద.

ఆ మరుసటి వానాకాలం కారు కుడి వెనక తలుపు కిందికి దిగి పట్టేయడం మొదలుపెట్టింది. ఎంతోకాలం పక్కన కూర్చుని చూసిన పనే కదా అని పేడు పెట్టి, మూసి, చప్పుడు విన్నాను. మార్చాను. మళ్ళీ విన్నాను. వారం రోజులు పోరాడాను. తలుపు మూసుకుంటుంది గానీ ఆ చప్పుడు రాదు. ఆయన దేనికోసం వినేవాడో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే. అంతకాలం పక్కపక్కనే పనిచేసి, ఆ ఒక్క ప్రశ్న అడగడానికి తీరిక లేకపోయింది.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. కారుని షెడ్డులో దాచవచ్చు, మ్యూజియంలో పెట్టవచ్చు. చేతిలో ఉన్న పనిని అలా దాచలేం. ఫర్నేసు మంట రంగు చూసి లోహం తయారయిందని చెప్పినవాళ్ళు, బేరింగుకి కర్ర ఆనించి, చెవి పెట్టి దాని జబ్బు చెప్పినవాళ్ళు, తూకం లేకుండా చేత్తో ఖనిజం నాణ్యం చెప్పినవాళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నారు. ఏటేటా మన సభ్యుల జాబితాలో కొన్ని పేర్లకి ముందు 'కీర్తిశేషులు' చేరుతోంది. ఒక్కొక్క పేరుతో ఒక్కొక్క విద్య వెళ్ళిపోతోంది.

కాబట్టి తోటి పింఛనుదారులకి నా మనవి. మీకొచ్చిన పని ఏదైనా సరే, ఒక నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసి పెట్టండి. రాయడం రానివాళ్ళ దగ్గర మనవలు కూర్చుని రాయండి, ఇప్పుడు ఫోనులో వీడియో కూడా తియ్యవచ్చు. ఎలా చేస్తారో మాత్రమే కాదు, ఏం చూసి, ఏం విని అది సరిపోయిందనుకుంటారో కూడా అడగండి. అసలు సంగతి అందులోనే ఉంది.

మనవడు వెళ్ళేముందు రెండు రోజులు నాతో షెడ్డులోనే ఉన్నాడు. మేస్త్రి చిత్రిక ఇచ్చి, పనస చెక్క మీద ఎలా పట్టాలో చూపించాను. నాకొచ్చినంత చూపించాను. మొదట ముక్కలు ముక్కలుగా వచ్చినా, సాయంత్రానికి ఒక పొడుగాటి పొర చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కుడి వెనక తలుపు తీసి, మూసి, "తాతా, దీని చప్పుడు మిగతావాటిలా లేదేం?" అన్నాడు.

వాడికి చెవి ఉంది. వేసవి సెలవులకి రమ్మన్నాను.